జీఆర్ఈ ఇంగ్లీషు మాటలు: 900 చాలు, గట్టిగా పట్టుకుంటే

విదేశాల్లో పీజీ చదువుకు రాసే జీఆర్ఈ పరీక్షకు ఎవరో చదివి అమ్మేసిన వర్డ్‌లిస్టు పుస్తకం చేతికొస్తే ఒకసారి అంచులు చూడండి. 'ఎ' పేజీలు నలిగి నల్లబడి ఉంటాయి. 'సి' దాకా పెన్సిలు గీతలుంటాయి. 'ఎం' దాటాక పుస్తకం కొత్తదే. అబేట్, అబెరెంట్, అబేయన్స్, అబ్‌స్టీమియస్ అంటూ ఒకే మొహం ఉన్న మాటల్ని వరసపెట్టి బట్టీ పడితే మూడో రోజుకే ఒకదాని అర్థం ఇంకోదానికి అంటుకుంటుంది. నాలుగో రోజు పుస్తకం అటకెక్కుతుంది. దానికి మన బుర్రను తిట్టుకోవడం అనవసరం. అక్షరక్రమం అనేది మాటను వెతకడానికి పెట్టుకున్న ఏర్పాటు, నేర్చుకోవడానికి పనికిరాదు.

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇంటి దగ్గరే ఉండి, కాలేజీకి పోతూ, కోచింగ్ లేకుండా వెర్బల్‌కు, అంటే జీఆర్ఈలోని ఇంగ్లీషు భాగానికి, సిద్ధమయ్యేవాళ్ల కోసం ఈ పద్ధతి. రోజుకు గంటా పది నిమిషాల చొప్పున 12 వారాలు పడుతుంది. ఇంగ్లీషు మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం గానీ, మీ కార్డు మీద మాత్రం స్పెల్లింగు ఇంగ్లీషులోనే ఉండాలి. పలికే తీరు కావాలంటే వెనకవైపు తెలుగులో చిన్నగా రాసుకోండి.

ముందు పరీక్ష సంగతి

2023 సెప్టెంబర్ 22 నుంచి జీఆర్ఈ మొత్తం 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. వెర్బల్‌లో రెండు సెక్షన్లు. మొదటిది 12 ప్రశ్నలు, 18 నిమిషాలు. రెండోది 15 ప్రశ్నలు, 23 నిమిషాలు. మొదటి సెక్షన్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది తేలిగ్గానో కష్టంగానో వస్తుంది. స్కోరు 130 నుంచి 170. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దు.

27 ప్రశ్నల్లో దాదాపు సగం పేరాలు చదివి జవాబివ్వాల్సినవి. మాటల బలం నేరుగా తేలేది మిగతా సగంలో. అవి రెండు రకాలు. టెక్స్ట్ కంప్లీషన్‌లో ఒకటి నుంచి మూడు దాకా ఖాళీలుంటాయి. ఒకే ఖాళీ అయితే ఐదు ఆప్షన్లు, రెండు మూడు ఖాళీలైతే ఒక్కోదానికి మూడేసి. అన్నీ సరైతేనే మార్కు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఒక ఖాళీ, ఆరు ఆప్షన్లు. వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండు మాటల్ని పట్టుకోవాలి.

విలోమ పదాలు, అనాలజీలు 2011 ఆగస్టులోనే పోయాయి. పాత పుస్తకాల్లోని మూడు నాలుగు వేల మాటల జాబితాలు ఆ కాలం నాటివి. ఇప్పుడు విడిగా ఒక మాట ఇచ్చి అర్థమేంటని ఎవరూ అడగరు. వాక్యంలో ఆ మాట ఎటు మొగ్గుతుందో, పక్కన ఉన్న మాటకూ దీనికీ తేడా ఏమిటో తెలియాలి. అందుకే 900 మాటలు చాలంటున్నాం. ఒకటే షరతు: ఒక్కో మాట మొగ్గు, పొరుగు, వాడే చోటు మూడూ తెలిసి ఉండాలి.

మొదటి పని: లెక్క తేల్చుకోండి

కొత్త పరీక్షకు తయారైన జాబితా ఏదైనా ఒకటి తీసుకోండి. ఒకటే, మూడు వద్దు. కళ్లు మూసుకుని అక్కడక్కడా పేజీలు తిప్పుతూ 100 మాటలు ఏరండి. ఒక్కోదానికీ అర్థం రాయడం కాకుండా సొంతంగా ఒక వాక్యం రాయండి. రాయగలిగినవే మీకు వచ్చినవి. 'చూసినట్టుంది' అనిపించినవి రానివాటి కింద లెక్క.

వందలో 40 వస్తే జాబితాలో అంత భాగం దాటేయొచ్చు. మిగిలినవాటిలోంచి 900 తీసుకోండి. రోజుకు 15 కొత్త మాటలు, వారానికి ఆరు రోజులు, అంటే 90. పది వారాలకు 900. ఆదివారం కొత్తవి వద్దు, వెనకబడినవి తిరగేయడానికే. చివరి రెండు వారాలు మొత్తం ప్రశ్నలకు. రోజుకు 50 చొప్పున ఇరవై రోజుల్లో అవగొట్టేద్దామని మొదలుపెట్టినవాళ్లకు ఎనిమిదో రోజు నుంచి పాతవి తిరగేయడానికే సమయం చాలదు, కొత్తవి ఆగిపోతాయి.

ఇంకో జాగ్రత్త. ఒకే అర్థం ఉన్న మాటలన్నీ ఒకే రోజు నేర్చుకోవద్దు. వాగుడు మీద లొక్వేషస్, గ్యారులస్, వొల్యుబుల్, వర్బోస్ నాలుగూ కలిపి చదవడం తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ, కొత్తలో అవి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. కుటుంబానికి ఒక్కరినే ముందు పిలవండి. ఈ రోజు లొక్వేషస్ ఒక్కటే. అది కుదురుకున్నాక, రెండు వారాలకు, పక్కన వర్బోస్‌ను కూర్చోబెట్టండి. లొక్వేషస్ అనేది మనిషి గుణం, నోరు మూతపడదు. వర్బోస్ ఎక్కువగా రాతకూ ప్రసంగానికీ చెందుతుంది, పది మాటల్లో అయ్యేదానికి వంద మాటలు. గ్యారులస్ అంటే పనికిరాని ముచ్చట్లు సాగదీసేవాడు, అందులో కాస్త విసుగు కలిసి ఉంటుంది. ఇలా తేడాతో సహా చేరితేనే రెండో మాట మొదటిదాన్ని పాడుచేయదు.

రెండో పని: కార్డు

పెండ్లి పత్రికలు పారేయకండి. వెనక ఖాళీగా ఉండే దళసరి అట్ట, ఒక్కో పత్రికకు నాలుగు కార్డులు వస్తాయి.

ముందువైపు మాటను ఒంటరిగా రాయొద్దు. వాక్యంలో పెట్టి, మాట కింద గీత గీయండి. మొదటి వారం వాక్యం తెలుగులో ఉన్నా తప్పులేదు, ఇంగ్లీషు మాటను మధ్యలో దూర్చండి. మనం మాట్లాడేదే అలా కదా! 'ఆ కామందు మహా పార్సిమోనియస్, నాట్లేసిన కూలీలకు చాయ్ పోయడానికి కూడా చేయి రాదు.' దీని కింద, డిక్షనరీ నుంచి తీసిన ఇంగ్లీషు వాక్యం ఒకటి.

వెనకవైపు నాలుగు సంగతులు. ఒకటి, తెలుగు అర్థం, ఒక్క మాటలో కాకుండా ఒక ముక్కలో: 'పైసా తీయాలంటే ప్రాణం పోయే రకం.' రెండు, గుర్తు: మెచ్చుకోలైతే ప్లస్, తిట్టైతే మైనస్, రెండూ కాకపోతే సున్నా. మూడు, పొరుగు మాట, దానితో తేడా: 'ఫ్రూగల్ ప్లస్, ఇది మైనస్.' నాలుగు, పలికే తీరు.

ఈ గుర్తును చాలామంది దాటేస్తారు. దెబ్బతినేది అక్కడే. పార్సిమోనియస్‌కు 'పొదుపు' అని, ఫ్రూగల్‌కూ 'పొదుపు' అని రాసుకున్నవాళ్ల ముందు ఒక ఇల్లాలిని మెచ్చుకుంటున్న వాక్యం వచ్చిందనుకోండి, రెండూ సరిగ్గానే కనిపిస్తాయి. పొదుపరికీ పిసినారికీ తేడా తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? ఆ తేడా మనకు పుట్టుకతో ఉంది, కార్డు మీదికి ఎక్కించాలి, అంతే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ లాభం. గోడమీది పిల్లి, అడుగులకు మడుగులొత్తడం, కొరకరాని కొయ్య, వసపిట్ట లాంటి మాటలు నోట్లో ఆడుతుంటాయి కాబట్టి ఇక్వివొకేట్, ఆబ్‌సీక్వియస్, ఇంట్రాన్సిజెంట్, లొక్వేషస్ వాటి పక్కన ఇట్టే కూర్చుంటాయి. నిఘంటువు అర్థాలు 'సందిగ్ధముగా పలుకుట' అని రాసుకుంటే మాత్రం రెండు భాషలూ బట్టీ పట్టాల్సి వస్తుంది.

మూడో పని: ఐదు అరల డబ్బా

ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మొదటి రోజే ఎక్కువ పోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా పోతుంది. మరిచిపోబోయే సమయానికి ఒకసారి గుర్తు చేసుకుంటే ఈసారి ఎక్కువ రోజులు నిలుస్తుంది. దీన్ని ఆధారం చేసుకుని సెబాస్టియన్ లైట్నర్ 1972లో ఐదు అరల పెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మిఠాయి డబ్బా, నాలుగు అట్టముక్కలు ఉంటే అదే తయారు.

కొత్త కార్డు మొదటి అరలో. మర్నాడు చూడాలి. వస్తే రెండో అరకు, 3 రోజుల తర్వాత. మళ్లీ వస్తే మూడో అర, 7 రోజులు. నాలుగో అర 16 రోజులు. ఐదో అర 35 రోజులు. ఏ అరలో తప్పినా తిరిగి మొదటి అరకే. కనికరం చూపించొద్దు. 'దాదాపు వచ్చింది' అంటే రాలేదనే.

చూడటం అంటే ఏమిటో కూడా చెప్పుకోవాలి. ముందువైపు చదివి, వెనక్కి తిప్పకముందే అర్థం, గుర్తు, పొరుగు మాట పైకి అనాలి. లోపల అనుకుంటే చాలదు, నోరు విప్పాలి. తిప్పి చూసి 'అవును, ఇదే అనుకున్నా' అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడం. చూడగానే తెలిసినట్టనిపించడం వేరు, చూడకుండా తవ్వి తీయడం వేరు. జాబితాను పదిసార్లు చదివినవాళ్లకు మొదటిది వస్తుంది, పరీక్షలో రెండోది కావాలి.

నాలుగైదు వారాలు దాటేసరికి రోజుకు 60 నుంచి 80 పాత కార్డులు వస్తాయి. ఒక్కోదానికి 15–20 సెకన్లు, మొత్తం పాతిక నిమిషాలు. కొత్త 15 మాటలకు రెండేసి నిమిషాల చొప్పున అరగంట. పది ప్రశ్నలకు పావుగంట. అదే గంటా పది. కొత్తవి రాత్రి పడుకునే ముందు, పాతవి తెల్లారి లేవగానే చేస్తే అమరిక బాగుంటుంది.

ఫోన్‌లోనే చేసుకుంటామంటే ఆంకీడ్రాయిడ్ అనే కార్డుల యాప్ ఆండ్రాయిడ్‌లో ఉచితం. లెక్కంతా అదే చూసుకుంటుంది. కొత్త కార్డుల సంఖ్య మొదట 20 ఉంటుంది, 15కు తగ్గించండి. ఎవరో తయారుచేసిన వేల కార్డుల మూట దింపుకోవద్దు. కార్డు రాయడంలోనే సగం నేర్చుకోవడం అయిపోతుంది, వండిపెట్టినది తింటే ఆ సగం పోయినట్టే. పండుగకో పెండ్లికో మూడు రోజులు ఆపేస్తే పాతవి కుప్పపడతాయి. అప్పుడు కొత్తవాటి సంఖ్య సున్నా చేసి, కుప్ప తీరాకే మళ్లీ 15కు పెంచండి. రెండూ కలిపి లాగబోతే వారంలో యాప్ తెరవాలంటేనే భయం పట్టుకుంటుంది.

ఒక కార్డు నాలుగైదుసార్లు తప్పిందంటే తప్పు కార్డుదే. చింపేయండి. వేరే వాక్యంతో, మీకు తెలిసిన మనిషి ఎవరినైనా పెట్టి కొత్తది రాయండి.

నాలుగో పని: మూలం తవ్వండి, కానీ పూర్తిగా నమ్మొద్దు

లాటిన్‌లో గ్రెక్స్ అంటే మంద. గొర్లమందలు రోడ్డు దాటేదాకా బస్సులాగే జిల్లాల్లో ఇది మరిచిపోవడం కష్టం. ఆ మందలోంచి ఎన్ని మాటలు వచ్చాయో చూడండి. కాంగ్రిగేట్ అంటే మందగా కూడటం. సెగ్రిగేట్ అంటే మందలోంచి విడదీయడం. అగ్రిగేట్, మందలో కలిపి లెక్కేయడం, ఇంటర్ మార్కుల మెమోలో చూసిందే. గ్రిగేరియస్ అంటే మంది మధ్యలో ఉంటేనే హుషారుగా ఉండే మనిషి, ప్లస్. చివరిది ఇగ్రీజియస్: మందలోంచి బయటికి పొడుచుకొచ్చింది. ఒకప్పుడు గొప్పగా కనిపించేదాన్ని అలా అనేవాళ్లు, ఇప్పుడు అందరికీ కొట్టొచ్చినట్టు కనపడే ఘోరమైన తప్పుకే వాడతారు. గట్టి మైనస్. ఒకే మంద, ఐదు గొర్రెలు, ఐదింటికీ మెడలో వేరే గంట.

ఇలాంటివి మరికొన్ని. రికాల్సిట్రంట్‌లో ఉన్నది మడమతో వెనక్కి తన్నడం, కాడి కిందికి రాని కోడె లాంటివాడు. సూపర్‌సిలియస్‌లో ఉన్నది కనుబొమ్మ. ఎదుటివాణ్ని చూసి బొమ్మ ఎగరేసే అహంకారం. డెసల్టరీ అంటే ఒక గుర్రం మీంచి ఇంకో గుర్రం మీదికి దూకే సర్కస్‌వాడి తీరు: ఈ పుస్తకం రెండు పేజీలు, ఆ పుస్తకం రెండు పేజీలు. ప్రొక్రాస్టినేట్‌లో 'క్రాస్' అంటే రేపు.

30 నుంచి 40 మూలాలు చాలు, వారానికి నాలుగు. ఎందుకంటే మూలం మోసం కూడా చేస్తుంది. ఎనర్వేట్‌లో ఎనర్జీ వినిపిస్తుంది, అర్థం మాత్రం సత్తువ తీసేయడం. నాయ్‌సమ్‌కు చప్పుడుతో సంబంధం లేదు, కంపు కొట్టేదని. రెస్టివ్ అంటే రెస్ట్ లేని, కుదురుగా నిలబడని. డిస్‌ఇంట్రెస్టెడ్ అంటే ఆసక్తి లేకపోవడమని చాలామంది వాడతారు గానీ, పరీక్షలో నిష్పాక్షికంగా ఉండటం, స్వలాభం చూసుకోకపోవడం. ఇంజీనియస్ అంటే చమత్కారపు తెలివి, ఇంజెన్యువస్ అంటే లోకం పోకడ తెలియని అమాయకత్వం. ఈ మోసగాళ్లకు ఎర్ర సిరాతో విడిగా ఒక పేజీ పెట్టండి. మూలంతో అర్థం ఊహించిన ప్రతిసారీ డిక్షనరీలో సరిచూసుకుని ఆ తర్వాతే కార్డు రాయండి.

ఐదో పని: ఊరి సంగతి చుట్టూ మాటలు అల్లండి

విడి మాటలు నిలవవు. ఒక కథ చుట్టూ అల్లితే నిలుస్తాయి, ఆ కథ మీకు ముందే తెలిసి ఉండాలి. నల్లగొండవాళ్లకు ఫ్లోరైడ్ కంటే బాగా తెలిసిన కథ ఏముంది?

మర్రిగూడ, మునుగోడు వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఉండటం ఆ నేలకు అంటిపెట్టుకున్న బాధ. ఒక ప్రాంతంలోనో ఒక జనంలోనో పాతుకుపోయినదాన్ని ఎండెమిక్ అంటారు. నీళ్లు చూస్తే తేటగా ఉంటాయి, రుచి తేడా తెలియదు, ఏళ్ల తరబడి లోపల పని చేస్తుంది. ఇది ఇన్సిడియస్, లాటిన్‌లో మాటువేయడం అనే మాట నుంచి వచ్చింది. పళ్ల మీద గార, కీళ్లు బిగుసుకోవడం, ఎముకలు వంగడం, మనిషి పని చేసుకోలేకపోవడం: డిబిలిటేటింగ్. నీళ్లు అందక బోరు ఇంకా లోతుకు దింపితే రాతి పొరల్లో ఎక్కువకాలం నిలిచిన నీరు వచ్చి ఫ్లోరైడ్ పెరగొచ్చు. చెడ్డదాన్ని ఇంకా చెడ్డగా చేయడం ఎగ్జాసర్బేట్, అందులో ఉన్నది చేదు.

ఇక మందు వైపు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. అది చేసిన పని మిటిగేట్, తీవ్రత తగ్గించి మెత్తబరచడం. కీళ్ల నొప్పికి గోలీ వేసుకుంటే నొప్పి అణుగుతుంది, జబ్బు అక్కడే ఉంటుంది. అది ప్యాలియేట్. దీని మూలం పై వస్త్రం, మన లెక్కన చెప్పాలంటే గొంగడి కప్పడం. కృష్ణా నీళ్లు నల్లాలోకి వచ్చి బోరు నీళ్లు తాగే అవసరమే లేకపోతే, దాన్ని ఆబ్వియేట్ అంటారు. తొవ్వలోనే ఎదురెళ్లి ఆపేసి, అవసరం లేకుండా చేయడం.

మిటిగేట్, ప్యాలియేట్, ఆబ్వియేట్ మూడింటికీ వర్డ్‌లిస్టు 'తగ్గించు, నివారించు' అని ఒకే సున్నం కొడుతుంది. ఫ్లోరైడ్ కథలో పెడితే మూడూ మూడు చోట్ల నిలబడతాయి, కలపమన్నా కలవవు.

పాలమూరువాళ్లు వలస మీద ఇదే పని చేయొచ్చు. ఊరూరా పని వెతుక్కుంటూ పోయేది ఐటినరెంట్, ఒకచోట కూర్చుని చేసేది సెడెంటరీ, ఒళ్లు హూనం చేసేది ఆర్డ్యువస్, రేపు ఉంటుందో ఊడుతుందో తెలియనిది ప్రికేరియస్. పిల్లలమర్రి చూసినవాళ్లకు రామిఫై అనే మాట చెప్పనక్కర్లేదు, కొమ్మలుగా చీలి విస్తరించడమే. వారానికి ఒక కథ, ఏడెనిమిది మాటలు. ఆదివారం పూట పది వాక్యాల్లో ఇంగ్లీషులో రాయండి.

ఆరో పని: తెలిసిన మాటలే తెలియనివి

కష్టమైన మాటల్లో పోయే మార్కుల కంటే తేలిక మాటల్లో పోయేవి ఎక్కువ బాధపెడతాయి. మన నోట్లో నలిగిన ఇంగ్లీషు మాటకు పరీక్షలో వేరే పని ఉంటుంది.

లోన్ శాంక్షన్ అయిందంటాం, అనుమతి వచ్చిందని. అదే మాట వార్తల్లో ఒక దేశం మీద ఆంక్ష. రెండు అర్థాలూ ఎదురెదురు, వాక్యమే చెప్పాలి. ఎంసెట్ క్వాలిఫై అయ్యామంటాం; జీఆర్ఈలో ఒక మాటను క్వాలిఫై చేయడం అంటే 'అయితే, కొంతవరకే' అని దాని జోరు తగ్గించడం. క్వాలిఫైడ్ మెప్పు అంటే అరకొర మెప్పు. టెంపర్ మనకు కోపం, అక్కడ క్రియగా వస్తే మెత్తబరచడం. చెక్, అరెస్ట్ రెండూ ఆపడం, పోలీసు అక్కర్లేదు. ఫ్లాగ్ అంటే నీరసించడం. వాంట్ అంటే లేమి. పెడెస్ట్రియన్ అంటే చప్పగా, కొత్తదనం లేకుండా ఉండటం. బిట్రే అంటే ద్రోహమే కాదు, దాచుకున్నది బయటపడటం కూడా: మొహం ఏమీ చెప్పకపోయినా చేతి వణుకు భయాన్ని బిట్రే చేసింది. బ్రూక్ అంటే సహించడం, దాదాపు ఎప్పుడూ 'సహించడు' అనే రూపంలోనే వస్తుంది.

డౌట్ సంగతి విడిగా చెప్పాలి. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, లేదా 'అయ్యుంటుందేమో' అనే అనుమానం. ఇంగ్లీషులో ఒక సంగతిని డౌట్ చేయడం అంటే అది నిజం కాదేమో అనుకోవడం. 'నిజమేనేమో' అనే వైపు మొగ్గితే అది సస్పెక్ట్. పేరాల ప్రశ్నల్లో రచయిత డౌట్ చేశాడా, సస్పెక్ట్ చేశాడా అన్నదాని మీద జవాబు తిరగబడుతుంది.

ఇంకో ముఠా ఉంది, చిన్న చిన్న మాటల కలయికలు. 'ఎనీథింగ్ బట్' అంటే ఏమాత్రం కాదు. 'ఆల్ బట్' అంటే దాదాపుగా. 'నథింగ్ ఇఫ్ నాట్' అంటే నిలువెల్లా అదే. 'ఫర్ ఆల్ హిజ్ లర్నింగ్' అంటే అతనికి ఎంత చదువున్నా. వీటిలో ఒక్క మాట కూడా కొత్తది కాదు, కాబట్టి ఏ జాబితాలోనూ సరిగా దొరకవు. ఎదురైనప్పుడల్లా కార్డు రాయండి, ఇలాంటివి 60–70 పోగుచేస్తే చాలా పనికొస్తాయి.

ఏడో పని: వాక్యంలో పట్టుకోవడం

900 అయ్యాక ప్రశ్నలు మొదలుపెడదాం అనుకోవద్దు. మొదటి వారం నుంచే రోజుకు పది. ఎలా చేయాలో ఒకటి దగ్గరగా చూద్దాం. అసలు ప్రశ్న ఇంగ్లీషులో ఉంటుంది, ఆలోచన మాత్రం ఇదే.

'సూటిగా మాట్లాడతాడని పేరున్న ఆ సర్పంచ్, చెరువు పూడికతీత బిల్లుల సంగతి రాగానే మాత్రం ______ జవాబులిచ్చాడు.' ఆరు ఆప్షన్లు: ఫోర్త్‌రైట్, ఇక్వివొకల్, టర్స్, ఇవేసివ్, క్యాండిడ్, సాంగ్విన్.

ఆప్షన్ల మీద చేయి అడ్డం పెట్టండి. మలుపు ఎక్కడుంది? 'మాత్రం' దగ్గర. కాబట్టి ఖాళీలో సూటికి ఎదురు మాట రావాలి. మీ సొంత మాట తెలుగులోనే పెట్టండి: 'దాటవేసే'. ఇప్పుడు చేయి తీయండి. ఫోర్త్‌రైట్, క్యాండిడ్ జంట మెరుస్తుంది, రెండింటికీ ఒకే అర్థం. వాక్యం సరిగా చదవకుండా జంట కోసం వెతికేవాళ్లు ఇక్కడే పడతారు. ఆ జంట మలుపుకు ఇవతలి వైపుది. టర్స్ అంటే పొట్టి జవాబు, కాస్త ఆశపెడుతుంది గానీ పొట్టిగా చెప్పినా సూటిగా చెప్పొచ్చు, పైగా దానికి జోడు లేదు. సాంగ్విన్ అంటే ఆశావహం, దారికే రాదు. ఇక్వివొకల్, ఇవేసివ్ మిగిలాయి, అవే జవాబు.

తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా ఒక అక్షరం రాయండి. మాట తెలియక తప్పితే 'మా'. మలుపు చూడక తప్పితే 'మ'. గుర్తు, అంటే ప్లస్ మైనస్, తారుమారైతే 'గు'. రెండు వారాలకు లెక్కపెడితే మీ జబ్బేమిటో మీకే తెలుస్తుంది. 'మ' ఎక్కువగా ఉంటే ఇంకో 500 మాటలు నేర్చినా స్కోరు కదలదు.

మూడు ఖాళీల ప్రశ్నను ఊహించి కొడితే 27లో ఒక వంతు అవకాశమే. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో 15లో ఒకటి, ఒక ఖాళీ ప్రశ్నలో 5లో ఒకటి. కాబట్టి సెక్షన్‌లో ఒక ఖాళీవి, ఈక్వివలెన్స్‌వి ముందు తీసేయండి, ఒక్కోటి 45 సెకన్ల నుంచి నిమిషంలోపు. మొండి మూడు ఖాళీల ప్రశ్నకు ఏదో ఒకటి నొక్కి, గుర్తు పెట్టుకుని ముందుకు పోండి. సెక్షన్ గడువు లోపల వెనక్కి రావచ్చు.

చదవడం

రోజుకు ఒక ఇంగ్లీషు సంపాదకీయమో సైన్సు వ్యాసమో. జిల్లా గ్రంథాలయంలో పత్రికలు దొరుకుతాయి. ఒక వ్యాసంలో ఐదు మాటలకు మించి గీత గీయొద్దు. ప్రతి మాటకూ డిక్షనరీ తెరిస్తే వ్యాసం చచ్చిపోతుంది. మీ డబ్బాలో ఉన్న మాట వ్యాసంలో కనిపిస్తే, ఆ వాక్యాన్ని కార్డు మీద చేర్చండి. అలా రెండు వాక్యాలు చేరిన కార్డు ఇక తప్పదు.

హైదరాబాద్ వెళ్లేవాళ్లకు బస్సులో రెండు గంటలకు పైగా దొరుకుతుంది. చిన్న అక్షరాలు చదివితే తల తిరుగుతుంది, అందుకని ముందురోజు రాత్రి తప్పిన 30 మాటల్ని ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేయండి: మాట, నాలుగు సెకన్ల ఖాళీ, ఆ తర్వాత అర్థం. ఖాళీలో మీరు చెప్పాలి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా ఒక చుట్టు, చౌటుప్పల్ దాకా రెండోది. మహబూబ్‌నగర్ నుంచైతే జడ్చర్ల, షాద్‌నగర్. హైవే మీద హారన్లు ఎక్కువ, ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, కండక్టర్ పిలిచింది వినిపించాలి.

చివరి రెండు వారాలు

పరీక్ష నడిపే ఈటీఎస్ వెబ్‌సైట్‌లో పవర్‌ప్రెప్ పేరుతో రెండు నమూనా పరీక్షలు ఉచితం. ఒకటి ఆరో వారంలో, రెండోది పదకొండో వారంలో రాయండి. మొదటి వారంలోనే రెండూ వాడేస్తే తర్వాత కొలుచుకోవడానికి అంత నమ్మకమైన తూకం ఉండదు. పరీక్ష రాసే సమయానికే, ఫోన్ పక్క గదిలో పెట్టి, ఏకబిగిన రాయాలి.

పదకొండో వారం నుంచి కొత్త మాట ఒక్కటి కూడా వద్దు. ఎవరైనా 'ఈ వంద తప్పకుండా వస్తాయి' అని పంపినా తెరవొద్దు. ఆఖర్లో నేర్చినవి డబ్బాలో ఐదో అర చేరవు, ఫర్వాలేదు, మూడో అర దాటితే పరీక్ష దాకా నిలుస్తాయి. అందుకే తరచూ కనపడే మాటల్ని మొదటి నాలుగు వారాల్లో పెట్టుకుని, అరుదైనవాటిని చివరికి నెట్టమనేది.

ఇంతా చేశాక మొండిగా మిగిలేవి ఒక 40 ఉంటాయి. వాటిని ఒకే కాగితం మీద, ఎడమవైపు మాట, కుడివైపు గుర్తు మాత్రమే, అర్థం లేకుండా రాయండి. ఎంత గింజుకున్నా అర్థం రాకపోయినా ప్లస్సో మైనస్సో గుర్తుంటే చాలా ప్రశ్నల్లో సగం ఆప్షన్లు ఎగిరిపోతాయి. పరీక్ష రోజు బస్సులో తీసేది ఆ ఒక్క కాగితమే. ఎల్బీనగర్‌లోనో శంషాబాద్‌లోనో దిగేటప్పుడు మడిచి జేబులో పెట్టేయండి, సెంటర్ లోపలికి ఎలాగూ రానివ్వరు.